గంటము ఆగిన వేళ

వ్యాసుడు చెప్పగా వినాయకుడు వ్రాసిన కథ తెలుగువారికి చిన్ననాటినుండి తెలిసినదే. వ్రాతకు కూర్చుండుటకు ముందు వినాయకుడు ఒక నియమము పెట్టెను: తన గంటము నడుమ ఆగరాదు. వ్యాసుడు మారు నియమము పెట్టెను: అర్థము తెలియకుండ ఒక్క అక్షరమైనను వ్రాయరాదు. మన ఆంధ్ర మహాభారతమును గూర్చియు ఇట్టి కథయే ఒకటి కలదు. తిక్కన సోమయాజి ఆశువుగా చెప్పుచుండగా కుమ్మరి గురునాథుడు తాటాకుపై వ్రాయుచుండెననియు, కవి తడబడరాదు, లేఖకుడు ఆగరాదు అని వారిరువురకు ఒప్పందమనియు ప్రతీతి. ఇవి కథలే కావచ్చును. కాని వ్రాతపని యొక్క మర్మము నెరిగినవారు అల్లిన కథలు. చెప్పువాని మనస్సునకును వ్రాయువాని చేతికిని నడుమ ఎడము పడినచో వాక్యము చెడునని వారెరుగుదురు.

నేడు గురునాథుని స్థానమున కంప్యూటరు కూర్చున్నది. అది అలయదు, తప్పు వినదు, తాటాకు చాలదనదు. అయినను ఒక్కొక్కనాడు ఒప్పందమును మరచిపోవును. రచయిత మీట నొక్కును. అక్షరము తెరపైకి రాదు. మరల నొక్కును, ఈసారి రెండక్షరములును ఒక్కమారుగా వచ్చి పడును. ఒకదానిని చెరుపబోవును, చెరుపుటయు ఆలస్యమే. ఈలోపల మనస్సులో కూర్చుకొన్న సమాసము కాస్తయు జారిపోవును. ఇట్లు కొన్నాళ్లు గడచిన పిమ్మట ఒకనాడు తెర వెలవెలబోవును. ప్రోగ్రాము స్పందించుట లేదను మాట కనిపించును. ఉదయమునుండి వ్రాసినది కనబడదు.

ఇది చిన్న కష్టమని తోచవచ్చును. కాని ఆ ఫైలులో ఉన్నది ఏమి? ఆరేండ్లు శ్రమించి కూర్చిన పరిశోధక విద్యార్థి సిద్ధాంత గ్రంథము కావచ్చును. పదవీ విరమణానంతరము ఒక ఉపాధ్యాయుడు ఒక్కొక్క వేలితో కొట్టుకొన్న ఆత్మకథ కావచ్చును. వాడుక తప్పుచున్న వ్యవసాయ పదములను ఊరూర తిరిగి సేకరించిన పట్టిక కావచ్చును. అట్టివారు యంత్రశాస్త్రము నెరిగినవారు కారు. యంత్రము మొరాయించినపుడు దోషము తమదేయని నమ్మి, లేదా తెలుగుదేనని నమ్మి, చేయి విడుతురు. ఈ రెండు నమ్మకములును సరియైనవి కావు.

ఆలస్యమనగా ఎంత? 1968లో రాబర్ట్ మిల్లర్ అను పరిశోధకుడు, మనుష్యుడు కంప్యూటరుతో వ్యవహరించునపుడు అది బదులు చెప్పుటకు పట్టదగిన కాలమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. మీట నొక్కినందుకు గుర్తు సెకనులో పదవవంతు లోపల తెలియవలెనని అందు సూచించెను. అంతకు మించినచో చేతికిని కంటికిని గల పొత్తు సడలును. మీట నొక్కుటయు అక్షరము పుట్టుటయు ఒకే క్రియయను భావము పోయి, రెండు వేర్వేరు సంఘటనలుగా కనబడును. అప్పుడు రచయిత తన వాక్యమును విడిచి యంత్రమును కనిపెట్టుచు కూర్చుండును. అసలు నష్టమిదియే.

ఆ పదవవంతు సెకనులో జరుగు పని సామాన్యమైనది కాదు. మీట నొక్కగానే కీబోర్డు ఒక సంకేతమును పంపును. యంత్రమును నడపు మూల సాఫ్టువేరు దాని నందుకొని తెలుగు కీబోర్డు సాధనమునకు అప్పగించును. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఒక్కొక్క మీటకు ఒక్కొక్క అక్షరభాగము నియతమై యుండును. రోమన్ లిపిలో కొట్టి తెలుగుగా మార్చు పద్ధతిలో అట్లు కాదు. తరువాతి అక్షరము వచ్చువరకు ముందటిది నిలకడ చెందదు. ప్రతి మీటకును పదమును మరల చదువుకొనవలసి యుండును. ఇట్టి సాధనములలో కొన్ని ఇంటర్నెట్టు నాశ్రయించి పనిచేయును. అట్టివాటిలో ఆలస్యమునకు దోషి వ్రాత ప్రోగ్రాము కాదు, దారియే.

అటుపిమ్మట వ్రాత ప్రోగ్రాము ఆ సంకేతమును తన జ్ఞాపకస్థానమున చేర్చుకొనును. ఫాంటు సహాయముతో అక్షరమునకు రూపు కట్టును. పంక్తిని కొలిచి, చాలనిచో పదమును క్రిందికి దింపును. పుట నిండినచో తరువాతి పుటలను సవరించును. వర్ణక్రమమును పరీక్షించును. అనంతరమే తెరపై చిత్రించును. వీనిలో ఏ ఒక్కటి కుంటుపడినను రచయితకు కనిపించునది ఒక్కటే: అక్షరము రాలేదు.

తెలుగు విషయమున రూపు కట్టుట యను మెట్టు కొంత విశేషము కలది. యూనికోడ్ సంకేత పద్ధతి 1991లో వెలువడిన తొలి కూర్పునందే తెలుగునకు 128 గళ్లుగల విభాగము నేర్పరచెను. అందు హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు మొదలగునవి విడివిడిగా ఉండును. సంయుక్తాక్షరములకు వేరుగా చోటు లేదు. కనుక 'స్త్రీ' యను ఒక్క అక్షరము యంత్రమునకు ఆరు సంకేతముల వరుస: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, దీర్ఘమైన గుడి. నేడు వ్యాప్తిలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. అనగా 'స్త్రీ' యనుటకు 18 బైట్లు. ఏ ఒత్తు ఎచ్చట కూర్చుండవలెనో, తలకట్టు తొలగి గుడి ఎచ్చట చేరవలెనో నిర్ణయించు సాఫ్టువేరు వేరుగా ఉండును. విండోసులో చిరకాలము యూనిస్క్రైబ్ అను భాగము ఆ పని చేసినది. లిబ్రె ఆఫీసు, ఫైర్‌ఫాక్సు మొదలగునవి హార్ఫ్‌బజ్ అను దాని నుపయోగించుచున్నవి.

ఇంత పని యున్నది గావున తెలుగులో ఆలస్యము తప్పదని కొందరందురు. ఆ మాట నిలువదు. నేటి సామాన్య యంత్రము సెకనులో వేల అక్షరములకు రూపు కట్టగలదు. తెలుగు గుణింతము దానికి బరువు కాదు. బరువు తక్కినచోట ఉండును.

అయితే రూపు కట్టు సాఫ్టువేరులోనే దోషము దొరలిన సందర్భమొకటి లోకప్రసిద్ధమైనది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులు ఒక్క తెలుగు అక్షరముతో కుప్పకూలినవి. ఆ అక్షరము 'జ్ఞా'. సందేశములో అది వచ్చినచో సందేశపు ప్రోగ్రాము మూతపడెను. మరల తెరచినను మరల మూతపడెను. కంప్యూటర్లు, చేతి గడియారములును ఈ బెడదకు లోనయ్యెను. ప్రపంచమంతటను పత్రికలు తెలుగు అక్షరము ఫోనులను కూల్చుచున్నదని వ్రాసినవి. కొందరు ఆకతాయిలు దానిని ఆయుధముగా చేసికొని ఇతరులకు పంపిరి.

నిజమునకు తప్పు తెలుగు అక్షరమునది కాదు. మనము నిత్యము వ్రాయు జ్ఞానము, జ్ఞాపకము అను మాటలు ఏ ఫోనును కూల్చలేదు. కూల్చిన వరుసలో జకారము, పొల్లు, ఞకారము, వానికి తరువాత కంటికి కనిపించని విడదీత గుర్తు, అటుపిమ్మట దీర్ఘము ఉన్నవి. ఆ విడదీత గుర్తు మనకు అవసరమైనదే. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాయునపుడు టకారపు పొల్లు నిలిచి, వకారము ఒత్తుగా మారకుండ అడ్డుకొనునది అదియే. కాని హల్లునకును దాని గుణింతపు గుర్తునకును నడుమ దానికి పని లేదు. పని లేని చోట అది ఎదురైనపుడు ఏమి చేయవలెనో ఆ సాఫ్టువేరు ఎరుగక, తన జ్ఞాపకస్థానమును తానే చెరుపుకొనెను. ఇట్టి చిక్కు దేవనాగరి, బెంగాలీ లిపుల వరుసలలోను బయటపడినది. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ వారు ఐఓఎస్ 11.2.6 అను సవరణ కూర్పును విడుదల చేసి దోషమును తొలగించిరి. జ్ఞాపకమునకు మొదటి అక్షరమే యంత్రపు జ్ఞాపకమును చెరుపుటకు సాకైనది. దీనివలన తెలియదగిన నీతి యొక్కటి: సాఫ్టువేరు సవరణలను వాయిదా వేయరాదు. ముఖ్యముగా భారతీయ లిపులలో వ్రాయువారు వాయిదా వేయరాదు. ఇట్టి దోషములు తరచుగా మన లిపులలోనే మిగిలిపోవును. సవరణలును ఆ కూర్పులతోనే వచ్చును.

ఇక ఇంటిలోని యంత్రము సంగతి. వైద్యుడు మందు వ్రాయుటకు ముందు ప్రశ్నలడుగును. ఇచ్చటను అట్లే అడుగవలెను. మొదటి ప్రశ్న: ఆలస్యము అన్ని ప్రోగ్రాములలోనా, ఒక్కదానిలోనా? నోట్‌ప్యాడ్ వంటి సాదా ప్రోగ్రాములో నాలుగు పంక్తులు కొట్టి చూడవలెను. అచ్చటను ఆలస్యమైనచో దోషము యంత్రమునందో, కీబోర్డునందో, లిప్యంతరీకరణ సాధనమునందో ఉన్నది. టాస్క్ మేనేజరు తెరచినచో జ్ఞాపకస్థానము నంతటిని ఆక్రమించుకొన్న ప్రోగ్రాము ఏదో తెలియును. డిస్కు నిండినదేమో చూడవలెను. రెండవ ప్రశ్న: ఒక్క ప్రోగ్రాములోనే యైనచో, అన్ని పత్రములలోనా, ఒక్కదానిలోనా? క్రొత్త పత్రములో అక్షరములు చురుకుగా వచ్చినచో దోషము ఆ పాత పత్రములోనే ఉన్నది. మూడవది: ఆలస్యము ఎప్పుడెప్పుడు కలుగుచున్నది?

ఈ మూడవ ప్రశ్నకు బదులు చాలవరకు రోగమును పట్టియిచ్చును. నిర్ణీతమైన వ్యవధులలో ఆగుచున్నచో, దానంతటది భద్రపరచుకొను ఏర్పాటును అనుమానింపవలెను. ఫైలు పెద్దదై, దూరముననున్న సర్వరులో భద్రమగుచున్నచో ఆ తెరపి కంటికి తెలియును. పదము ముగిసి ఖాళీ మీట నొక్కినప్పుడే ఆగుచున్నచో, వర్ణక్రమ పరీక్షనో, స్వయం సవరణనో, లిప్యంతరీకరణనో చూడవలెను. గ్రంథము పెరిగినకొలది ఆలస్యము పెరిగినచో పుట కూర్పు బరువైనదని తెలియవలెను.

వర్ణక్రమ పరీక్ష విషయమున తెలుగువారి కొక విశేష బాధ కలదు. పత్రపు భాష ఇంగ్లీషని నమోదై యున్నచో యంత్రము ప్రతి తెలుగు పదమును తప్పుగా నెంచి ఎర్రగీత గీయును. పెద్ద గ్రంథములో అట్టి గీతలు వేలు. పాఠమునంతటిని ఎన్నుకొని భాష తెలుగని తెలుపుట, లేదా వ్రాయుచుండగా పరీక్షించు ఏర్పాటును ఆపివేయుట ఇందుకు చికిత్స. పుట కూర్పు బరువైనచో వర్డులో డ్రాఫ్ట్ అను దృశ్యమునకు మారవలెను; అందు పుటలు, అంచులు, శీర్షికలు యథాతథముగా చూపవలసిన పని ఉండదు. మార్పులను నమోదు చేయు 'ట్రాక్ ఛేంజెస్' ఏర్పాటులో వేల మార్పులు పేరుకొన్నచో వానిని అంగీకరించియో, త్రోసిపుచ్చియో తేల్చివేయవలెను. పెద్ద బొమ్మలను వేరు ఫైలులో ఉంచవలెను.

ఎవరును అనుమానింపని దోషి ప్రింటరు. వర్డు పుటను కూర్చునపుడు ప్రధాన ప్రింటరు కొలతలను చూచుకొనును. ఆ ప్రింటరు ఆఫీసులో ఉండి, యంత్రము ఇంటికి వచ్చినచో, బదులు పలుకని దానికొరకు ఎదురుచూచుచు జాగుచేయు సందర్భములు కలవు. పీడీఎఫ్‌గా అచ్చొత్తు కృత్రిమ ప్రింటరును ప్రధానముగా నియమించినచో ఆ చిక్కు వదలును.

అదనముగా తగిలించిన పరికరములు కారణమేమో తెలిసికొనుటకు 'సేఫ్ మోడ్' అను మార్గము కలదు. కంట్రోల్ మీటను నొక్కి పట్టుకొని వర్డును తెరచినచో అది ఏ తగిలింపులును లేకుండ తెరచుకొనును. లిబ్రె ఆఫీసులో సహాయపు పట్టికనుండి సేఫ్ మోడులో పునఃప్రారంభింపవచ్చును. అచ్చట చురుకుగా నడచినచో తగిలింపులను ఒక్కొక్కటిగా తొలగించి చూడవలెను. ఒక్కమారు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. నాలుగు మందులు కలిపి మ్రింగినవానికి ఏ మందు పనిచేసినదో తెలియదు.

ఆలస్యము ఇట్లుండగా, కూలుట వేరొక సంగతి. ఒక్క పత్రమే, అందును ఒక్క చోటనే ప్రోగ్రాము కూలుచున్నచో ఆ పత్రములో ఏదో చెడినది. దానిని కనుగొనుటకు ఒక పురాతనమైన ఉపాయము కలదు. మొదట ప్రతి తీసికొని, ఆ ప్రతిని రెండు సగములు చేయవలెను. ఏ సగము కూలినదో దానిని మరల రెండుగా చేయవలెను. వేయి పుటల గ్రంథమైనను పదిమార్లు ఇట్లు చేయుసరికి దోషము ఒక్క పుటలోనికి వచ్చి నిలుచును. ఆ పుటలో చెడిన బొమ్మయో, పట్టికయో, ఫాంటో కనిపించును. వర్డులో పత్రపు చివరి పేరా గుర్తు వెనుక ఆ పత్ర భాగపు కూర్పు వివరములు దాగియుండును. చెడు అచ్చటను చేరవచ్చును. ఆ చివరి గుర్తును మాత్రము విడిచి, తక్కినదంతయు క్రొత్త పత్రములోనికి తెచ్చుకొనినచో గ్రంథము కుదుటపడిన సందర్భములు అనేకము.

పత్రము తెరచుకొననే తెరచుకొననిచో 'ఓపెన్ అండ్ రిపేర్' అను ఏర్పాటును ప్రయత్నింపవలెను. అదియు విఫలమైనచో మరొక దారి మిగిలియున్నది. 2007నాటి వర్డునుండి వాడుకలోనున్న డాక్సు ఫైలు నిజమునకు ఒక మూట. దాని ప్రతికి జిప్ అను పేరు తగిలించి విప్పినచో లోపల వర్డ్ అను సంచిలో డాక్యుమెంట్ అను ఎక్సెమ్మెల్ ఫైలు కనిపించును. కూర్పు చెడినను పాఠము తరచుగా అందు చెక్కుచెదరక యుండును. గుర్తులనడుమ చిక్కుకొన్న తెలుగు పంక్తులను ఏరుకొనుట శ్రమయే కాని, ఆరేండ్ల పని దక్కును. ఈ ఉపాయము యూనికోడ్ తెలుగునకే ఫలించును. పూర్వపు అచ్చుకూర్పు ఫాంటులతో కొట్టిన పాఠములో లోపలనున్నవి రోమన్ అక్షరముల సంకేతములు. ఫాంటు పోయినచో అవి అర్థము లేని గుర్తులుగా మిగులును. అట్టి పాత ఫైలులు గలవారు, ఆ ఫాంటులు పనిచేయుచుండగనే యూనికోడునకు మార్చుకొనుట క్షేమము.

వర్డు తనంతట తాను పది నిమిషముల కొకమారు రక్షణ ప్రతి తీసికొనును. నిమిషమునకు ఇరువది మాటలు కొట్టువారికి పది నిమిషములనగా రెండువందల మాటలు. ఆ వ్యవధిని తగ్గించుకొనవచ్చును. అయినను అది ఆపద్ధర్మమే గాని భద్రత కాదు. భద్రత యనగా వేరొకచోట మరొక ప్రతి.

ఈ మాట క్రొత్తది కాదు. 1835లో టామస్ కార్లైల్ తన ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటపు వ్రాతప్రతిని మిత్రుడు జాన్ స్టూవర్ట్ మిల్లునకు చదువుటకిచ్చెను. మిల్లు వద్ద అది చిత్తుకాగితములని పొరబడి కాల్చివేయబడినది. మరొక ప్రతి లేదు. కార్లైల్ గుండె రాయి చేసికొని మొదటినుండి వ్రాసెను. 1837లో గ్రంథము వెలువడినది. అట్టి ధైర్యము అందరకు సాధ్యము కాదు. మన పూర్వులు ఇంతకంటె సులువైన మార్గమునే పాటించిరి. తాటాకు శిథిలమగునని ఎరిగి ప్రతికి ప్రతి వ్రాయించిరి. సి. పి. బ్రౌను కడపలో పండితులను నియమించి వ్రాతప్రతులను సేకరింపజేసి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. అందుచేతనే అనేక తెలుగు గ్రంథములు నేటికి మిగిలినవి. దినమున కొక ప్రతి, తేదీ పేరుతో, యంత్రములో కాక మరొకచోట ఉంచుట ఆ సంప్రదాయమునకు కొనసాగింపే.

కొందరు యంత్రమును మార్చుటకంటె తగ్గించుట మేలని తలతురు. అమెరికా నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఇంటర్నెట్టుతో పొత్తులేని పాత డాస్ యంత్రముపై వర్డ్‌స్టార్ 4.0తో తన నవలలు వ్రాయుదునని 2014లో ఒక టెలివిజను కార్యక్రమమున చెప్పెను. తెలుగు రచయితకు డాస్ యంత్రము పనికిరాదు. కాని ఆ బుద్ధి పనికివచ్చును. చిత్తుప్రతిని సాదా ప్రోగ్రాములో అధ్యాయమున కొక ఫైలుగా వ్రాసికొని, అలంకారములను చివరకు వాయిదా వేసికొన్నచో, పైన చెప్పిన రోగములలో సగము దరిచేరవు.

ఇదంతయు యంత్రముల ముచ్చటగా తోచవచ్చును. కాని యంత్రము తెలుగులో తడబడిన ప్రతిమారును రచయిత యెదుట రెండు దారులు కనిపించును. ఒకటి, వ్రాయుట మానుట. రెండవది, తెలుగు మాటలనే రోమన్ లిపిలో కొట్టి పంపుట. ఉత్తరములలో ఈ రెండవ దారి ఇప్పటికే రాజమార్గమైనది. అది భాషపై ప్రేమ లేకపోవుటచేత మాత్రమే కాదు; గంటము ఆగుచుండుటచేతను. ఆగుటకు కారణము లిపి కాదనియు, వెదకినచో దొరకు చిన్న దోషమే యనియు తెలిసినవాడు ఆ దారి పట్టడు.

గురునాథుడు మనుష్యుడు గనుక కవి తడబాటును కూడ అర్థము చేసికొని పద్యములో కలుపుకొనెనని కథ. యంత్రమునకు అంతటి సహృదయత లేదు. అది ఆగినపుడు ఏల ఆగినదో తెలిసికొనవలసినవాడు వ్రాయువాడే. నాడి చూచుటకు అరగంట పట్టును. పోయిన గ్రంథమును మరల వ్రాయుటకు ఎన్నేండ్లు పట్టునో కార్లైలునకు తెలియును.